లెక్కగాని నోరు

సిరొంచ టేకు డిపోలో నాది రాత్రి కాపలా.
పగటి రిజిస్టరు మరాఠీలో నిండుతది:
దుంగ నంబరు, పొడవు, చుట్టుకొలత, పుచ్చు ఉంటే పుచ్చు.
పనికిరాని పాత రిజిస్టర్ల వీపు మీద
మూడేండ్లుగా నేనొక దండును నడిపిస్తున్న.
ఏ పటంలో లేని దేశం. తొమ్మిది వేల మంది,
రెండు చందమామలు,
మంచు మింగి బతికే ఒక రెక్కల మృగం.

మొదట దండనాయకునితో చెప్పించిన.
అతని నోట ప్రతి కత్తీ మెరిసింది,
ప్రతి చావూ పద్యంలా కాళ్లు చాపుకొని పడింది.
నలభై పేజీలు. ఒక్కనికీ ఆకలి కాలే.
చలికి అవే చింపి మంట రాజేసుకున్న.

అప్పుడొచ్చిండు వీడు,
దండు తోకన, బియ్యం మోసే కంచరగాడిదల పక్కన
కుంటుకుంట, చెవిలో పుల్ల, చంకలో లెక్కల కట్ట.
పేరడిగితే
"మానికకు పేరుంటదా?" అన్నడు.

వీని నోట యుద్ధం పొట్టిదైంది.
రాజు కూలిన పొద్దు ఏం జరిగిందంటే
"నేను చూడలే. ఉప్పు కోసం పోయిన."
బతిమాలిన, బెదిరించిన. చూడలేదంటే చూడలేదు.
నా గొప్ప యుద్ధం నడుమ
ఉప్పు బస్తా అంత బొక్క.
మృగాన్నైనా వర్ణించరా అంటే
దాని వాసనకు ఎన్ని గాడిదలు తాళ్లు తెంపుకున్నయో చెప్పిండు:
పదిహేడు. ఒకటి సూడిది.
ఆ రాత్రి గాలి మళ్లినప్పుడు
టార్చి పట్టుకొని దుంగల వరుసలన్నీ చూసొచ్చిన.

చచ్చినోళ్ల పేర్లు వాడు కొట్టెయ్యడు.
వాళ్ల గింజలూ కొలుస్తడు, వేరే కుప్ప పోస్తడు.
ఆ కుప్ప ఎవరు తింటరో చెప్పడు.

వారానికోసారి జాడి బక్కయ్యకు చదివి వినిపిస్త.
వంతెన రాకముందు ప్రాణహిత మీద పడవ నడిపినోడు.
ఇప్పుడు వల కుట్టుకుంట వింటడు.
"నీ లెక్కగాడు అబద్ధమాడడు" అన్నడొకనాడు,
"ఆడితే కొసరు దగ్గర ఆడుతడు."

మూడు వందల పేజీల్లో వాడెప్పుడూ "మేము."
మేము నడిచినం. మేము నానినం.
మేము కుక్కను కూడా వండుకున్నం.
వినేటోడు గట్టు మీద, దండు నీళ్లల్ల.
ఆ మాటలో అంత ఎడముంటది.

రెండు చందమామలూ లేని రాత్రి,
నేరేడు రంగు ఏటి ఒడ్డున ఒక ఊరు.
తీగల మీద ఇంకా ఆరని బట్టలు.
వాడు చెప్పుకుంట పోయిండు, నేను రాసుకుంట పోయిన:
"ఎదురు తిరిగినోడు లేడు. గాదెలు ముందే ఊడ్చినం.
తర్వాత మనం ఊరిని కాల్చినం."

బక్కయ్య సూది ఆగింది.
"మల్లొకసారి చదువు."
చదివిన.
"మనమా? నన్నెందుకు కలిపిండు?
నేను గట్టు మీదనే ఉన్న గద."
వల చుట్టుకొని లేచిపోయిండు.

ఆ వారం మూడుసార్లు కొట్టేసి "మేము" అని దిద్దిన.
దిద్దినప్పుడల్లా పొగ పోయింది,
ఊరు ఒట్టి మాటల ఊరైంది, దండనాయకుని ఊరు.
మరాఠీలోనూ ఈ రెండు మాటలున్నయి,
ఆమ్హీ, ఆపణ్. అట్లా రాసి చూసిన.
అక్కడా వాడు నా భుజం మీది చెయ్యి తియ్యలే.

పొద్దున రేంజరు కొత్త రిజిస్టరు వెలుగుకు పట్టి
కాయితం మీద ఈ ఒత్తుళ్లేంటివన్నడు,
ఎవరింత గట్టిగ రాసిన్రని.
"చుట్టుకొలతలు, సాబ్" అన్న.

బక్కయ్య ఇంకా రాలే.
అతని వాటా గింజలు లెక్కగాడు కొలిచిండు.
ఏ కుప్పలో పోసిండో చెప్పమంటే
ఉప్పు కోసం పోయిండు.